టోక్యోకు తొలి బిజినెస్ ట్రిప్: బయల్దేరక ముందే తేల్చుకోవాల్సిన సంగతులు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: కంపెనీ పని మీద తొలిసారి టోక్యో వెళ్తున్నారు, చేతిలో ఐదు రోజులున్నాయి, నాలుగు కంపెనీలతో మీటింగులున్నాయి, జపనీస్ రాదు, పైగా శాకాహారులు. మీటింగులన్నీ మొదటి రెండు రోజుల్లో ముగించేసి తర్వాత ఊరు చూడొచ్చా, ఎక్కడ దిగితే మంచిది, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. రెండు రోజుల్లో నాలుగు మీటింగులు పెట్టుకోకండి. దిగిన రోజు ఏమీ వద్దు, తర్వాతి మూడు రోజుల్లో నాలుగూ సర్దండి, చివరి రోజు మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉంచండి, ఊరు చూడటం ఆ ఖాళీల్లో చూసుకోవచ్చు. హోటల్ మాత్రం విమానాశ్రయానికీ మీటింగులకీ రైలు మారకుండా వెళ్లగలిగే స్టేషన్ పక్కన తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది: టోక్యోలో ముందుగా చెప్పి ఉంచిన పని ఎంత సాఫీగా జరుగుతుందో, అప్పటికప్పుడు మార్చమన్న పని అంత ఇబ్బందిగా తయారవుతుంది. రైలు ప్రయాణం దగ్గర్నుంచి రాత్రి భోజనం, కాంట్రాక్టు వరకు ఇదే తీరు. పన్నెండేళ్లుగా ఇంజినీరింగ్ సర్వీసుల పని మీద ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్లొస్తున్నాను, నాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలా వరకు ముందు చెప్పకపోవడం, ముందు అడగకపోవడం వల్ల వచ్చినవే.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మీ చేతిలో నెల రోజులే ఉన్నాయి. భారతీయ పాస్‌పోర్టు మీద బిజినెస్ పనికి వెళ్లాలంటే మిమ్మల్ని పిలిచే జపాన్ కంపెనీ ఆహ్వాన పత్రం, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన షెడ్యూలు ఇవ్వాలి. ఆ పత్రం వాళ్ల దగ్గర ఒక్క మనిషి సంతకంతో బయటికి రాదు, సెక్షన్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి తిరిగి రావాలి, కాబట్టి ఈ రోజే మెయిల్ పెట్టండి. టూరిస్టు వీసా మీద వెళ్లి మీటింగులు చేసేద్దాం అనుకోవద్దు. బిజినెస్ వీసా మీద మీటింగులు, చర్చలు, ఒప్పందాల సంతకాలు చేసుకోవచ్చు గానీ, అక్కడ జీతం తీసుకుని పని చేయకూడదు. ఇమిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు 'విజిట్ జపాన్ వెబ్' అనే ప్రభుత్వ సైట్‌లో ముందే నింపి క్యూఆర్ కోడ్ తీసుకుంటే దిగాక కాగితాలు రాసే పని తప్పుతుంది.

మందుల విషయంలో మాత్రం జాగ్రత్త, ఇది చాలామందికి తెలియదు. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న జలుబు మందులు ముందస్తు అనుమతి లేకుండా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు, డాక్టర్ చీటీ ఒక్కటే చాలదు. కొడైన్ ఉన్న దగ్గు మందుల మీద కూడా పరిమితులున్నాయి. బీపీ, షుగర్ లాంటి మామూలు మందులు నెలకు సరిపడా అయితే చీటీతో తీసుకెళ్లొచ్చు, అంతకు మించితే ముందుగా అనుమతి పత్రం తెప్పించుకోవాలి. ట్యాబ్లెట్ పేరు చూసి వదిలేయకండి, స్ట్రిప్ వెనక ఉన్న రసాయనాల పేర్లు చదవండి. తినే వాటిలో మాంసంతో చేసినవి ప్యాకెట్‌లో ఉన్నా అనుమతించరు, తాజా పండ్లు, కూరగాయలు, ఆకులు సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్తే కస్టమ్స్‌కి ముందే తీసేసుకుంటారు.

ఇప్పుడు విమానం, హోటల్. టోక్యోకు రెండు విమానాశ్రయాలు. హనెడా ఊళ్లోనే ఉన్నట్టు లెక్క, అక్కణ్నుంచి షినగావా స్టేషన్‌కి కేక్యూ లైన్‌లో పావుగంట. నరిటా ఊరికి 60 కిలోమీటర్ల అవతల, పక్కనున్న చిబా ప్రాంతంలో ఉంది. నరిటా ఎక్స్‌ప్రెస్‌లో టోక్యో స్టేషన్‌కి గంట దాకా పడుతుంది, స్కైలైనర్ అనే ఇంకో రైల్లో అయితే నిప్పొరి స్టేషన్‌కి దాదాపు నలభై నిమిషాలే. టికెట్ ధరలో తేడా కొద్దిగానే ఉంటే హనెడా విమానమే ఎంచుకోండి. నరిటా నుంచి ట్యాక్సీ ఎక్కితే 20 వేల యెన్‌లు దాటిపోతుంది, ఆ బిల్లు చూసి మీ అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోరు.

రాత్రి విమానంలో వెళ్తే తెల్లవారి దిగుతారు, హోటల్ గది మాత్రం సాధారణంగా మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. సామాను మాత్రం పొద్దున్నే తీసుకుని ఉంచుతారు. జపాన్ సమయం మనకంటే మూడున్నర గంటలు ముందు, అంటే అక్కడ ఉదయం తొమ్మిది మీటింగు మీ ఒంటికి తెల్లవారుజామున ఐదున్నర. మూడున్నర గంటలే కదా అని తేలిగ్గా తీసుకుంటారు, కానీ నిద్రలేని రాత్రి మీద ఇంకో భాషలో గంటన్నర శ్రద్ధగా వినడం కష్టం. అందుకే దిగిన రోజు మీటింగు వద్దన్నాను. రెండో రోజు కూడా వీలైతే మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత అడగండి.

హోటల్ ఎక్కడ అంటే, మీ మీటింగులు ఎక్కువగా ఓతెమాచి, మరునోఉచి, నిహోన్‌బాషి, షింబాషి వైపు ఉంటే కాందా, నిహోన్‌బాషి, షింబాషి, హమామత్సుచో పరిసరాలు చూడండి. అసకుసా సబ్‌వే లైన్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది: నిహోన్‌బాషి, షింబాషి మీదుగా వెళ్లే ఆ లైన్ రైళ్లు కొన్ని అటు నరిటాకీ ఇటు హనెడాకీ నేరుగా వెళ్తాయి. షింజుకు పేరు విని అక్కడ తీసుకుంటారు చాలామంది. షాపింగ్‌కి, రాత్రిపూట తిరగడానికి బాగుంటుంది గానీ, ప్రపంచంలోనే అత్యంత రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ గుర్తించిన చోటు అది, రెండు వందలకు పైగా దారులున్నాయి, పొద్దున్న ఎనిమిదింటికి లాప్‌టాప్ బ్యాగ్‌తో అందులో దారి వెతుక్కోవడం కొత్తవాళ్లకు నేను చెప్పను.

బిజినెస్ హోటల్ గది చిన్నది, 12 నుంచి 15 చదరపు మీటర్లు ఉంటే బాగున్నట్టే. పెద్ద సూట్‌కేస్ పూర్తిగా తెరవడానికి కింద చోటు దొరకదు, మధ్యస్థంగా ఉన్న పెట్టె తీసుకెళ్లండి. శుభ్రత విషయంలో బెంగ పెట్టుకోనక్కర్లేదు. శాంపిళ్లు లాంటి బరువైన సామాను ఉంటే తక్యుబిన్ అనే పార్సిల్ సర్వీసు ఉంది, నల్ల పిల్లి బొమ్మ ఉన్న యమాటో కంపెనీ అందరికీ తెలిసినది. విమానాశ్రయంలో ఇస్తే సాధారణంగా మర్నాడు హోటల్‌కి చేరుస్తారు. ఆ ఒక్క రోజు తేడా గుర్తుపెట్టుకోండి, మర్నాడు పొద్దున్న మీటింగుకి కావాల్సింది అందులో పెట్టొద్దు.

ప్లగ్ గురించి ఒక ముక్క: అక్కడ కరెంటు 100 వోల్టులు, రెండు చదును పిన్నుల సాకెట్. మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ పట్టదు. లాప్‌టాప్, ఫోన్ చార్జర్లకు అడాప్టర్ చాలు.

డబ్బు దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. కార్డులు చాలాచోట్ల నడుస్తాయి, అయినా చిన్న హోటళ్లు, పాత దుకాణాలు కొన్ని నగదే అడుగుతాయి కాబట్టి ఇరవై ముప్పై వేల యెన్‌లు జేబులో ఉంచుకోండి. సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు, పోస్టాఫీసు ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి, ఇంగ్లీషులో నడుస్తాయి. బయల్దేరే ముందు మీ కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోండి, ఓటీపీ వచ్చే సిమ్‌లో రోమింగ్ కూడా ఆన్ చేయించండి. టిప్ ఎక్కడా ఇవ్వకండి, బల్ల మీద వదిలేస్తే మర్చిపోయారనుకుని వెనకాలే పరుగెత్తుకొస్తారు. ఖర్చుల క్లెయిమ్ కోసం రశీదు కావాలంటే "ర్యోషూషో" అని అడగండి, ఎవరి పేరున రాయాలని అడుగుతారు, కంపెనీ పేరు రాసిన విజిటింగ్ కార్డు చూపిస్తే సరిపోతుంది. సుయికా, పాస్మో అనే రైలు కార్డులున్నాయి, వాటిలో ఏదైనా ఒకటి తీసుకుంటే రైళ్లు, సబ్‌వే, బస్సులు, చిన్న దుకాణాలు అన్నిటికీ అదే. ఐఫోన్ ఉంటే సుయికాను ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు. మన దేశంలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు అది పనిచేయదు, ప్లాస్టిక్ కార్డు తీసుకోండి. ఆ కార్డు ప్రయాణాల వివరాలు స్టేషన్ మెషీన్‌లో ప్రింట్ తీసుకోవచ్చు, క్లెయిమ్‌కి పనికొస్తుంది.

ఇక రైళ్లు. సాధారణంగా ఆలస్యం కావు, భయపడకండి. భయపడాల్సింది రైలు దిగిన తర్వాతి పది నిమిషాల గురించి. నా రెండో ట్రిప్‌లో ఓతెమాచిలో మీటింగు, పదింటికి. తొమ్మిది నలభైకి స్టేషన్‌లో దిగాను, ఇరవై నిమిషాలున్నాయి కదా అని నింపాదిగా ఎదురుగా కనబడిన దారిలో పైకొచ్చాను. ఓతెమాచిలో ఐదు సబ్‌వే లైన్లు కలుస్తాయి, భూమి కిందే ఒక చివర నుంచి ఇంకో చివరకు పది నిమిషాల పైన నడక. నేను పైకొచ్చింది పూర్తిగా అవతలి వైపు. ఫోన్‌లో మ్యాప్ ఎత్తైన భవనాల మధ్య అటూ ఇటూ గెంతుతోంది, భవనాల పేర్లు చదవలేను. పదీ పదిహేనుకి చేరాను. లోపల ఆరుగురు నిలబడి ఉన్నారు, ఎవరూ ఒక్క మాట అనలేదు, కానీ మీటింగు సరిగ్గా అనుకున్న సమయానికే ముగిసింది, మేం చెప్పదలుచుకున్నదానిలో చివరి పావుగంట అలాగే మిగిలిపోయింది. ఆ చివర్లో చెప్పాల్సిందే మా ధర.

అప్పట్నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. మీటింగు ఖరారు చేసుకునే మెయిల్‌లోనే "మీ భవనానికి దగ్గర్లోని స్టేషన్, ఎగ్జిట్ నంబరు చెప్పండి" అని అడుగుతాను. అక్కడ చాలా వీధులకు పేర్లుండవు, అడ్రసు అంటే ప్రాంతం, బ్లాకు, భవనం నంబర్లు. అందుకే వాళ్లే ఒకరికొకరు దారి చెప్పుకునేటప్పుడు ఎగ్జిట్ నంబరుతో చెప్పుకుంటారు, మీరు అడిగితే వింతగా అనుకోరు, పైగా చాలామంది మ్యాప్ బొమ్మ కూడా పంపిస్తారు. గూగుల్ మ్యాప్స్ కూడా ఎగ్జిట్ నంబరు చూపిస్తుంది. స్టేషన్‌లో దిగాక పైకి రావాలని తొందరపడకండి, ప్లాట్‌ఫాం మీదే పసుపు రంగు బోర్డుల్లో ఎగ్జిట్ నంబర్లు కనబడతాయి, మీ నంబరు దొరికేదాకా భూమి కిందే నడవండి. సబ్‌వే స్టేషన్లకు లైన్ అక్షరం, అంకె ఉంటాయి, గింజా లైన్‌లో గింజా స్టేషన్ జి-09 అన్నట్టు. పేరు గుర్తుండకపోయినా అంకె గుర్తుంటే చాలు.

పొద్దున్న ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు. గులాబీ రంగు బోర్డున్న పెట్టె పొద్దున్నపూట ఆడవాళ్లకే, పొరపాటున ఎక్కకండి. రాత్రి పన్నెండు దాటాక చివరి రైళ్లు ఒక్కొక్కటే అయిపోతాయి, మళ్లీ ఐదింటి దాకా ఉండవు, భోజనం ఆలస్యమైతే ట్యాక్సీయే గతి. ట్యాక్సీ వెనక తలుపు డ్రైవరే తెరుస్తాడు, మూస్తాడు, మీరు లాగకండి. హోటల్ అడ్రసు జపనీస్ అక్షరాల్లో ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి తీసుకుని పర్సులో పెట్టుకోండి.

భవనం దొరికాక కూడా ఇంకో మెట్టు ఉంది. పెద్ద భవనాల్లో కింది అంతస్తులకో లిఫ్టు వరుస, పై అంతస్తులకో వరుస. కంపెనీ రిసెప్షన్‌లో చాలాచోట్ల మనిషి ఉండరు, ఒక టెలిఫోన్ మాత్రం ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కాలి. మిమ్మల్ని పిలిచినవారి పూర్తి పేరు, డిపార్ట్‌మెంట్, ఎక్స్‌టెన్షన్ కాగితం మీద రాసుకుని ఉండండి. చలికాలమైతే కోటు భవనంలోకి వెళ్లే ముందే తీసి చేతి మీద వేసుకుంటారు. మొత్తం మీద స్టేషన్‌కి అరగంట ముందు చేరండి, రిసెప్షన్ ఫోన్ మాత్రం ఐదు నిమిషాల ముందు ఎత్తండి. మరీ ముందు వెళ్తే కూడా వాళ్లకు ఇబ్బందే, గది అప్పటికి ఖాళీ అయి ఉండదు.

విజిటింగ్ కార్డుల గురించి మీరు ఎక్కడైనా చదివే ఉంటారు, నాకు ముఖ్యమనిపించినవి చెప్తాను. వంద కార్డులు తీసుకెళ్లండి. ఇద్దరొస్తారనుకున్న మీటింగుకి ఏడుగురొస్తారు, ప్రతి ఒక్కరికీ విడిగా ఇవ్వాలి. ఒకసారి నా దగ్గర అయిపోయాయి, చివర నిలబడ్డ ఇద్దరికి ఇవ్వలేకపోయాను, వాళ్లలో ఒకరే తర్వాత మా పనిని రోజూ చూసుకునే ఇంజినీరు అయ్యారు. వెనక వైపు మీ పేరు, హోదా జపనీస్‌లో అచ్చు వేయించండి. మన పేర్లు వాళ్లకు ఎలా పలకాలో తెలియదు, కటకానా లిపిలో రాసి ఉంటే మొదటి నిమిషంలోనే వాళ్ల ముఖంలో ఊరట కనబడుతుంది. నిలబడి, రెండు చేతులతో, అక్షరాలు వాళ్లకు చదవడానికి వీలుగా ఉండేట్టు ఇవ్వండి. తీసుకున్న కార్డు చదవండి, వెంటనే జేబులో వేయకండి, వాళ్లు కూర్చున్న వరుసలోనే బల్ల మీద పేర్చుకోండి. ఎవరి పేరేమిటో ఆ వరుస చూసి పిలవొచ్చు, నాకైతే ఇది మర్యాద కంటే సాయంగానే ఎక్కువ పనికొచ్చింది. కార్డు మీద పెన్నుతో రాయకండి. ఎదుటివారి పేరుకి "సాన్" (మన "గారు" లాంటిది) చేర్చండి, మీ పేరుకి మీరు చేర్చుకోకూడదు. ఎక్కడ కూర్చోవాలో వాళ్లు చూపించేదాకా ఆగండి, తలుపుకి దూరంగా ఉన్న కుర్చీలు అతిథులవి.

ఇప్పుడు అసలు విషయం, మీటింగు. మన దగ్గర మీటింగులో వాదించి, ఒప్పించి, అక్కడే చేయి కలిపి వస్తే గెలిచినట్టు. అక్కడ మీటింగు అప్పటిదాకా జరిగిన పనిని అందరి ముందు ఒకసారి చెప్పుకోవడం కోసం. దీనికి వాళ్ల మాట "నెమవాషి". అది తోటపని మాట: పెద్ద చెట్టుని ఇంకోచోటికి మార్చేముందు వేళ్ల చుట్టూ తవ్వి సిద్ధం చేయడం. అలాగే ఒక ప్రతిపాదన మీద సంబంధమున్న ప్రతి మనిషితో ముందుగా విడివిడిగా మాట్లాడి, అభ్యంతరాలు తీర్చి, తర్వాతే అందరూ కూర్చుంటారు. కాబట్టి మీ ప్రెజెంటేషన్ వారం ముందే పంపించండి, వీలైతే జపనీస్‌లోకి అనువాదం చేయించి పంపించండి. "సర్‌ప్రైజ్" అన్న ఆలోచన పూర్తిగా పక్కన పెట్టండి. ధర తగ్గించే మాట కూడా అక్కడే తొలిసారి చెప్పకుండా, రెండు రోజుల ముందు మీతో మెయిళ్లు నడిపే మనిషికి చెప్పి ఉంచండి. ఆయన దాన్ని లోపల ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పుకుంటారు.

దుబాసీ విషయం. ఇంగ్లీషు బాగా వచ్చిన కంపెనీలున్నాయి, కానీ ఎదురుగా కూర్చునే పెద్దవాళ్లకు రాకపోవచ్చు, రాదని చెప్పరు కూడా. ముందే అడగండి: దుబాసీ మీరు ఏర్పాటు చేస్తారా, నన్ను తెచ్చుకోమంటారా అని. నా సలహా, ముఖ్యమైన రెండు మీటింగులకైనా మీ తరఫున ఒకరిని పెట్టుకోండి. ఖర్చు ఎక్కువే, అయినా నేను దాన్ని విమానం టికెట్‌తో సమానంగా చూస్తాను. ఆ మనిషికి ముందురోజు మీ స్లైడ్లు, మీ రంగంలోని సాంకేతిక పదాల జాబితా ఇవ్వండి. ఒకరు మాట్లాడాక ఇంకొకరు చెప్పడం వల్ల గంట మీటింగులో మీకు దొరికేది అరగంటే, ఇరవై స్లైడ్లు ఉంటే ఎనిమిదికి తగ్గించండి. చిన్న వాక్యాల్లో మాట్లాడి ఆగండి. దుబాసీ వైపు చూడకుండా ఎదుటివారి వైపు చూస్తూ మాట్లాడండి.

మౌనం వచ్చినప్పుడు నింపకండి. ఇది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీరు ధర చెప్పారు, అటువైపు అందరూ కాగితం చూస్తున్నారు, పదిహేను సెకన్లు గడిచాయి. మనకు ఆ పదిహేను సెకన్లు భరించలేనంత పొడుగ్గా అనిపించి, "కావాలంటే కొంచెం తగ్గించొచ్చు" అనేస్తాం. వాళ్లు ఆలోచిస్తున్నారు అంతే. నీళ్లు తాగండి, ఆగండి.

"హై" అంటే అవును అని నిఘంటువులో ఉంటుంది, మీటింగులో దానికి "వింటున్నాను" అని అర్థం. "కెంతో షిమాస్" అంటే పరిశీలిస్తాం. "మోచికాయెత్తె" అంటే ఆఫీసుకి తీసుకెళ్లి చూస్తాం. "చొత్తొ ముజుకషీ", అంటే కొంచెం కష్టం అన్నారంటే, అది దాదాపు కాదన్నట్టే. నా మూడో ఏడాదిలో ఒక కంపెనీ పెద్దాయన నవ్వుతూ "పరిశీలిస్తాం" అన్నారు, చుట్టూ అందరూ తలలూపారు. ఆర్డర్ వచ్చేసినట్టే అని మా ఆఫీసుకి మెయిల్ పెట్టాను, ఆ మాట నమ్మి మావాళ్లు ఇద్దరు ఇంజినీర్లను వేరే పని నుంచి తప్పించి ఖాళీగా ఉంచారు. మూడు నెలలు ఏ కబురూ లేదు, ఆ తర్వాత మర్యాదగా కుదరదన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, నిజంగానే పరిశీలించారు, తప్పుగా చదివింది నేను. ఇప్పుడైతే ఆ మాట వినగానే "ఎవరెవరు చూడాలి, వాళ్లకు ఏ వివరాలు కావాలి, ఎప్పటికి తెలుస్తుంది" అని అడుగుతాను. జవాబుగా తేదీ, ఫలానా కాగితాలు అడిగారంటే పని నడుస్తున్నట్టు. మాటలు పొడుగ్గా సాగి తేదీ రాకపోతే ఆశ తగ్గించుకుంటాను. ఎక్కువ మాట్లాడినవారే నిర్ణయించేవారనీ అనుకోకండి, మూల కూర్చుని గంటసేపు నోరు మెదపని పెద్దాయన మాటే చెల్లొచ్చు. ఆ సాయంత్రమే మాట్లాడుకున్నవన్నీ తేదీలతో మెయిల్‌గా పంపండి, కృతజ్ఞతలు చెప్తూ. లోపల ఆమోదం కోసం బల్లల మీద తిరిగే కాగితానికి మీ మెయిలే ఆధారమవుతుంది.

చివరి రోజు ఖాళీ ఉంచమన్నది కూడా ఇందుకే. తొలి మీటింగు బాగా జరిగితే మర్నాడు "ఇంకో విభాగం వాళ్లు కూడా ఒక అరగంట కలవాలంటున్నారు" అని కబురొస్తుంది. నాకు వచ్చిన పెద్ద కాంట్రాక్టుల్లో రెండు అలాంటి అరగంటల నుంచే మొదలయ్యాయి. మీరు అప్పటికి విమానాశ్రయంలో ఉంటే ఆ అరగంట మళ్లీ ఆరు నెలలకు గానీ దొరకదు.

శాకాహారం. ఇక్కడ మొహమాటపడితే మీకూ వాళ్లకూ కష్టమే. జపాన్ వంటలో దాషి అనే రసం ప్రాణం లాంటిది, అది ఎక్కువగా ఎండు చేపతో చేస్తారు. కూరగాయల సూప్, నూడిల్స్ పులుసు, ఉడికించిన కూర, అన్నిట్లో అది ఉండొచ్చు, పైకి ముక్క కనబడదు. "వెజిటేరియన్" అన్న మాటకు మాంసం తినరని మాత్రమే అర్థం చేసుకునేవాళ్లు చాలామంది. నా మొదటి ట్రిప్‌లో రాత్రి భోజనానికి పిలిచారు, కూర్చున్నాక చెప్పాను చేప తిననని. అది చేపల వంటలకే పేరున్న చోటు. ఆ రెస్టారెంట్ బుక్ చేసిన కుర్రాడు తన పైవాళ్ల ముందు పదే పదే తల వంచి క్షమాపణ చెప్తుంటే నాకు మనసు చివుక్కుమంది, తప్పు అతనిది కాదు. మీటింగు ఖరారైన రోజే మెయిల్‌లో రాయండి: మాంసం, చేప, చేప రసం తినను, గుడ్డు తింటానో తిననో ఫలానా అని, భోజనం ఏర్పాటు ఉంటేనే ఇది వర్తిస్తుందని మర్యాదగా. ముందే తెలిస్తే ఎంతో శ్రద్ధగా చేయిస్తారు. బౌద్ధ ఆలయాల సంప్రదాయంలో షోజిన్ ర్యోరి అనే పూర్తి శాకాహార భోజనం ఉంది, నన్ను ఒకసారి అక్కడికి తీసుకెళ్లారు, ఆ పూట మాట్లాడుకున్నంతగా ఏ మీటింగులోనూ మాట్లాడుకోలేదు.

అవే మాటలు జపనీస్‌లో రాసిన కార్డు ఒకటి ఫోన్‌లో కూడా పెట్టుకోండి. దుకాణాల్లో ప్యాకెట్ వెనక ఉన్నది ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చూడొచ్చు. పళ్లు, పెరుగు, పప్పుగింజలు అన్ని చిన్న దుకాణాల్లో దొరుకుతాయి. మన తిండి మీద మరీ మనసు పోతే నిషి-కసాయి వెళ్లండి, భారతీయులు ఎక్కువగా ఉండే ప్రాంతం, ఓతెమాచి నుంచి తోజాయి లైన్‌లో పావుగంట. పొద్దున్న మాత్రం ఆ లైన్‌లో ఊరివైపు వచ్చే రైళ్లు విపరీతమైన రద్దీ, సాయంత్రమే వెళ్లండి.

భోజనాల దగ్గర మీ గ్లాసు మీరు నింపుకోకండి, పక్కవారిది మీరు నింపితే మీది వాళ్లు నింపుతారు. మందు తాగకపోతే ఊలాంగ్ టీ అడగండి, ఎవరూ బలవంతపెట్టరు. "కంపాయ్" (చీర్స్ లాంటి మాట) అనేదాకా తాగడం మొదలుపెట్టకండి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, అది చనిపోయినవారికి పెట్టే తీరు. చెప్పులు విప్పాల్సిన చోట్లుంటాయి, చిరుగుల్లేని సాక్సులు వేసుకోండి. చిన్న కానుక తీసుకెళ్తే బాగుంటుంది, ఆఫీసులో అందరూ పంచుకునేట్టు విడివిడిగా చుట్టిన మిఠాయిలు మంచివి. నాలుగు అనే అంకె పలుకు చావు అనే మాటలా ఉంటుంది కాబట్టి నాలుగు వస్తువుల సెట్ వద్దు.

తేదీలు ఇంకా కదిలించే వీలుంటే ఒకటి చూసుకోండి. ఏప్రిల్ చివరి నుంచి మే 5 లేదా 6 దాకా గోల్డెన్ వీక్ అనే సెలవులు, ఆగస్టు మధ్యలో ఓబోన్ అనే పెద్దల పండుగ, డిసెంబర్ చివరి నుంచి జనవరి 3 దాకా కొత్త సంవత్సరం, ఈ రోజుల్లో ఆఫీసులు ఖాళీ. వాళ్ల ఆర్థిక సంవత్సరం కూడా ఏప్రిల్ 1నే మొదలవుతుంది, మార్చి చివర్లో ఎవరికీ తీరిక ఉండదు. వేసవిలో టై లేకుండా ఉండటం 2005 నుంచి ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది, అయినా తొలి మీటింగుకి సూటు వేసుకునే వెళ్లండి, వాళ్లు తీసేయమంటే తీసేయొచ్చు.

పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, చట్టం అది, జిరాక్స్ చాలదు. పోలీసులకు 110, అంబులెన్స్‌కి 119. భూకంపం హెచ్చరిక ఫోన్‌లో పెద్ద శబ్దంతో వస్తుంది, తొలిసారి వింటే గుండె ఝల్లుమంటుంది. పరుగెత్తి బయటికి పోకండి, బల్ల కింద తల దాచుకుని ఆగండి, చుట్టుపక్కలవాళ్లు ఏం చేస్తే అదే చేయండి. జపాన్ ప్రభుత్వ పర్యాటక శాఖ పర్యవేక్షణలో తయారైన 'సేఫ్టీ టిప్స్' యాప్ ఇంగ్లీషులో హెచ్చరికలిస్తుంది, దిగే ముందే వేసుకోండి.

మీ నాలుగు మీటింగులు ఏయే స్టేషన్ల దగ్గరో, ఏ విమానాశ్రయంలో దిగుతున్నారో కింద రాయండి. ఏ రోజు ఏది పెట్టుకోవాలో, ఏ స్టేషన్ పక్కన గది తీసుకోవాలో చూసి చెప్తాను. ఈలోగా ఆహ్వాన పత్రం కోసం మెయిల్ మాత్రం ఇవాళే పంపించేయండి.